ఏ యాసిడ్‌కి ఏ బూజు? స్ట్రెయిన్ ఎంచుకునే ముందు చూడాల్సినవి

కిరాణా కొట్టులో అమ్మే నిమ్మ ఉప్పుకీ నిమ్మకాయకీ సంబంధం తెగిపోయి వందేళ్లు దాటింది. ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజుని బాగా పుల్లటి పంచదార ద్రావణంలో పెంచితే అది సిట్రిక్ యాసిడ్‌ను ధారాళంగా బయటికి వదులుతుందని జేమ్స్ కర్రీ అనే శాస్త్రవేత్త 1917లో చూపించాడు. రెండేళ్లు తిరక్కుండా, 1919లో, ఫైజర్ కంపెనీ బ్రూక్లిన్‌లో ఆ పద్ధతిలో తయారీ మొదలుపెట్టింది. అంతకుముందు సిట్రిక్ యాసిడ్ కావాలంటే ఇటలీ నిమ్మతోటల వైపే చూడాల్సి వచ్చేది. ఇప్పుడు ప్రపంచంలో ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారవుతోంది, దాదాపు అంతా ఈ బూజు చలవే.

ఈ చరిత్ర చదివి ఉత్సాహపడి, 'ఫంగస్‌లో నాలుగు జీన్లు మార్చి ఫలానా యాసిడ్ చేయిద్దాం' అనుకునే ఎం.టెక్ విద్యార్థులు, చిన్న స్టార్టప్‌లు చాలామందే ఉన్నారు. ఏ జీవిని తీసుకోవాలన్నది వాళ్లకి ఎదురయ్యే మొదటి ప్రశ్న. జీన్లు మార్చడం ఏది తేలికైతే అది తీసుకో అనే సలహా ఎక్కువగా వినిపిస్తుంది. నాకు ఈ సలహా నచ్చదు. క్రిస్పర్ అనే జీన్ కత్తిరింపు పద్ధతి వచ్చాక కింద చెప్పే జీవుల్లో చాలావాటిలో జీన్లు మార్చడం కొన్ని నెలల పని. డబ్బు కరిగిపోయేది ఆ తర్వాత. ఫెర్మెంటర్ (జీవిని పెంచే ట్యాంకు) ఆపేసిన రోజున లోపల పీహెచ్ ఎంత ఉంది, ఆ ద్రవంలోంచి యాసిడ్‌ను ఎలా బయటికి తీస్తారు, ఆ జీవి తినే తిండి మీ ఊళ్లో ఎంతకి దొరుకుతుంది అనేవే ప్రాజెక్టు బతుకుతుందో లేదో తేలుస్తాయి. అందుకని ఈ పోలికను ఆ చివర నుంచే మొదలుపెడుతున్నాను.

అమ్మేది యాసిడా, దాని లవణమా?

ఫెర్మెంటేషన్ సాగేకొద్దీ యాసిడ్ పేరుకుని ద్రవం పుల్లబడుతుంది. పీహెచ్ 4 కిందికి దిగితే చాలా సూక్ష్మజీవులు నీరసపడిపోతాయి. అందుకని సున్నమో, కాల్షియం కార్బొనేటో వేస్తూ పీహెచ్‌ను 6 దగ్గర నిలబెడతారు. అప్పుడు ట్యాంకులో తయారయ్యేది కాల్షియం లవణం. దాన్ని తిరిగి యాసిడ్‌గా మార్చడానికి సల్ఫ్యూరిక్ యాసిడ్ పోస్తారు, పక్కన జిప్సం కుప్ప పడుతుంది. ఎంత పడుతుందో అణుభారాలతో ఎవరైనా లెక్కవేసుకోవచ్చు. టన్ను లాక్టిక్ యాసిడ్‌కి 0.96 టన్ను జిప్సం, టన్ను మాలిక్‌కి 1.28, ఇటాకోనిక్‌కి 1.32, సక్సినిక్‌కి 1.46. సక్సినిక్ ఫ్యాక్టరీ పెట్టాననుకున్న మనిషి బరువు ప్రకారం చూస్తే జిప్సం ఫ్యాక్టరీ నడుపుతున్నట్టే. ఆ జిప్సం బురదగా వస్తుంది, రంగు ఉంటుంది, కొనేవాళ్లు తక్కువ.

అదే జీవి పీహెచ్ 3 దగ్గర కూడా పని ఆపకుండా చేయగలిగితే కథ మారుతుంది. లాక్టిక్ యాసిడ్ పీకేఏ (యాసిడ్‌లో సగం లవణ రూపంలోకి మారే పీహెచ్) 3.86, సక్సినిక్‌కి మొదటిది 4.2. పీహెచ్ 3లో ఇవి ఎక్కువ భాగం యాసిడ్ రూపంలోనే ఉంటాయి కాబట్టి ద్రావకంతో లాగవచ్చు, కొన్నిటిని చల్లబరిచి నేరుగా స్ఫటికాలుగా తీయవచ్చు. ఇంకో లాభం కూడా ఉంది, అంత పులుపులో పరాయి బ్యాక్టీరియా పెరగలేదు. వారం రోజులు నడిచే బ్యాచ్‌లో కంటామినేషన్ టెన్షన్ తగ్గడం చిన్న విషయం కాదు.

అన్నిటికీ తక్కువ పీహెచ్ కావాలనీ లేదు. సోడియం గ్లూకోనేట్‌నే తీసుకోండి. రెడీమిక్స్ కాంక్రీట్ త్వరగా గట్టిపడకుండా కలిపే పదార్థాల్లో ఇదొకటి. కొనేవాడు అడిగేదే లవణం. కాబట్టి నైగర్‌ని గ్లూకోజ్ మీద పెంచుతూ, కాస్టిక్ సోడాతో పీహెచ్‌ను 6 పైన ఉంచి, వచ్చినదాన్ని వడగట్టి, ఆవిరిచేసి అమ్మేస్తారు. గ్లూకోజ్‌లో 95 శాతం పైగా ఉత్పత్తిగా మారుతుంది. ఇక్కడ పులుపు తట్టుకునే స్ట్రెయిన్ (ఒకే జీవిలోని ప్రత్యేక రకం) కోసం వెతకడం వృథా ప్రయాస.

నైగర్: పెద్దన్న, కానీ చాదస్తం ఎక్కువ

నైగర్ బలమంతా అది పుట్టుకతోనే యాసిడ్ జీవి కావడంలో ఉంది. గ్లూకోజ్ నుంచి వచ్చిన పైరువేట్‌లో సగం మైటోకాండ్రియాలోకి పోయి అసిటైల్ కోఎంజైమ్-ఎ అవుతుంది. మిగతా సగం అక్కడ వెలువడ్డ కార్బన్ డయాక్సైడ్‌ని మళ్లీ పట్టుకుని ఆక్సలోఅసిటేట్ అవుతుంది. రెండూ కలిసి సిట్రేట్. కార్బన్ వృథా కాని దారి కాబట్టి 100 గ్రాముల పంచదార నుంచి సిద్ధాంతపరంగా 112 గ్రాముల సిట్రిక్ యాసిడ్ రావచ్చు. మంచి పారిశ్రామిక స్ట్రెయిన్లు లీటరుకు 150 గ్రాములు దాటి ఇస్తాయి, అదీ పీహెచ్ 2 చుట్టుపక్కల. పైగా గ్లూకోఅమైలేజ్ ఎంజైమ్‌ను తనే బయటికి వదులుతుంది కనుక పిండి పదార్థం మీద కూడా బతుకుతుంది.

ఇక చాదస్తాల సంగతి. మాంగనీస్ లీటరుకు కొన్ని మైక్రోగ్రాములు మించితే చాలు, బూజు పోగులు పొడుగ్గా సాగి, ద్రవం చిక్కబడి, సిట్రిక్ ఉత్పత్తి పడిపోతుంది. మాంగనీస్ తక్కువైనప్పుడు పోగులు పొట్టిగా, ఉబ్బి, చిన్న గుళికలుగా ముద్దకడతాయి. యాసిడ్ దిగుబడికి కావాల్సింది ఆ రూపమే. అందుకే మొలాసిస్ (చక్కెర మిల్లులో మిగిలే మడ్డి) వాడేచోట ముందు ఫెర్రోసయనైడ్‌తో లోహాలను దిగ్గొడతారు. రెండో చాదస్తం గాలి. సిట్రిక్ తయారవుతున్న దశలో గాలి సరఫరా కొద్ది నిమిషాలు ఆగినా యాసిడ్ ఉత్పత్తి మళ్లీ పూర్వస్థితికి రాదు, బూజు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. చూడ్డానికి బ్యాచ్ ఆరోగ్యంగా ఉంటుంది, పంచదార తగ్గుతుంది, యాసిడ్ రాదు. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపే ఇది జరిగిపోవచ్చు. కంప్రెసర్‌కి బ్యాకప్ లేని పైలట్ ప్లాంట్‌లో నైగర్ పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

జీన్ల వైపు చూస్తే నైగర్ బాగానే సహకరిస్తుంది. 2007లో జీనోమ్ అచ్చయింది. కుసా అనే జీన్ తీసేసిన స్ట్రెయిన్లలో మనం పంపిన డీఎన్‌ఏ అనుకున్న చోటే కూర్చునే అవకాశం బాగా పెరుగుతుంది. అసలు స్ట్రెయిన్లలో అది నూటికి కొన్నిసార్లే జరుగుతుంది. ఓఏహెచ్ఏ అనే జీన్ తీసేస్తే ఆక్సాలిక్ యాసిడ్ ఆగిపోతుంది, గ్లూకోజ్ ఆక్సిడేజ్ జీన్ తీసేస్తే గ్లూకోనిక్ ఆగిపోతుంది. సిట్రేట్‌ను కణం బయటికి తోసే సెక్స్ఏ (CexA) అనే రవాణా ప్రొటీన్ 2018 దాకా ఎవరికీ దొరకలేదు. వందేళ్లుగా టన్నుల్లో బయటికి వస్తున్న పదార్థానికి తలుపు ఎక్కడుందో మొన్న మొన్నే తెలిసిందన్నమాట. ఆ జీన్ తీసేస్తే సిట్రిక్ బయటికి రాదు, ఎక్కువ చేస్తే పెరుగుతుంది. కొత్త యాసిడ్ చేయించాలనుకునేవాళ్లు దీన్నుంచి నేర్చుకోవాల్సింది ఒకటుంది. తయారుచేసే ఎంజైమ్ మీద ఎంత శ్రద్ధ పెడతారో, బయటికి పంపే ప్రొటీన్ మీద అంతకు తక్కువ పెట్టకండి.

సిట్రిక్ యాసిడ్ విషయంలో ఒక తిరకాసు ఉంది, దాచడం న్యాయం కాదు. ఫెర్మెంటర్ పుల్లగా నడిచినా, పాత పద్ధతి ప్లాంట్లలో సిట్రిక్‌ను సున్నంతో దిగ్గొట్టి, సల్ఫ్యూరిక్‌తో విడగొట్టే తీస్తారు. అక్కడా జిప్సం తప్పదు. తక్కువ పీహెచ్ ఉన్నంత మాత్రాన జిప్సం మాయమైపోదు. వేరే దారి వెతుక్కునే వీలు ఇస్తుంది, అంతే.

కొత్తగా దిగేవాళ్లు సిట్రిక్ జోలికి పోకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. చైనా ప్లాంట్లు దశాబ్దాల తరబడి మ్యుటేషన్లు చేస్తూ, ఏరుకుంటూ వచ్చిన స్ట్రెయిన్లతో, కొండంత స్థాయిలో చేస్తున్న సరుకది. కల్చర్ కలెక్షన్ నుంచి కొన్న స్ట్రెయిన్‌కి రెండు జీన్లు మార్చి వాళ్ల ధరకి దిగడం జరిగే పని కాదు.

ఇటాకోనిక్: టెర్రియస్‌కీ మొక్కజొన్న కాటుకకీ మధ్య పోటీ

నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన పోలిక ఇది. లేటెక్స్, రెజిన్లు, నీరు పీల్చే పాలిమర్ల తయారీలో వాడే ఇటాకోనిక్ యాసిడ్, సిట్రిక్ దారిలోంచి ఒక్క అడుగు పక్కకి వేస్తే వస్తుంది. 2004లో అమెరికా ఇంధన శాఖ జీవపదార్థం నుంచి తీయదగ్గ ముఖ్య రసాయనాల జాబితా వేసినప్పుడు దీన్నీ చేర్చింది. సిట్రిక్ కన్నా ఖరీదు, మార్కెట్ మాత్రం చాలా చిన్నది.

ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ దీన్ని సహజంగా చేస్తుంది. మైటోకాండ్రియా నుంచి సిస్-అకోనిటేట్‌ని బయటికి తెచ్చే ఎంటీటీఏ, దాని నుంచి కార్బన్ డయాక్సైడ్ ఊడగొట్టే కాడ్ఏ, ఇటాకోనిక్‌ని కణం బయటికి తోసే ఎంఎఫ్ఎస్ఏ, ఈ మూడు జీన్లూ పక్కపక్కనే ఉంటాయి. వాటి పొరుగునే కొలెస్ట్రాల్ మందు లోవాస్టాటిన్ చేసే జీన్ల గుంపు. పరిశ్రమలో లీటరుకు 80 గ్రాముల పైచిలుకు తీస్తారు. ల్యాబ్‌లో పీహెచ్ జాగ్రత్తగా సవరిస్తూ 160 గ్రాముల దాకా తీశారు. అయితే ఇది నైగర్ చాదస్తాలన్నీ పుణికిపుచ్చుకుంది. మాంగనీస్ పడదు, గాలి ఆగకూడదు. దానికితోడు శుభ్రమైన గ్లూకోజ్ కావాలి, చెత్త చక్కెరల మీద మొరాయిస్తుంది.

'ఆ మూడు జీన్లు తీసుకెళ్లి నైగర్‌లో పెడితే సరిపోదా, అది సిట్రిక్ గుట్టలుగా చేస్తుంది కదా' అని ఎవరికైనా తడుతుంది. చాలా ల్యాబులకి తట్టింది. పెట్టారు. ఇటాకోనిక్ వచ్చింది, తర్వాత తర్వాత లీటరుకు పదుల గ్రాములకూ చేరింది, కానీ టెర్రియస్‌ని మించలేదు. కణంలో మైటోకాండ్రియాకీ, దాని బయట ఉండే కణద్రవం సైటోసాల్‌కీ మధ్య రాకపోకలు ఒక్కో జీవిలో ఒక్కోలా కుదిరి ఉంటాయి. మూడు జీన్లతో ఆ సర్దుబాటు మొత్తం రాదు.

రెండో పోటీదారు ఉస్టిలాగో మేడిస్. మొక్కజొన్న కంకులకి కాటుక తెగులు తెచ్చేది ఇదే. తెగులు పట్టిన ఆ బుడిపెలను మెక్సికోలో వుయిట్లకోచే పేరుతో ఇష్టంగా వండుకు తింటారు. దీని ఇటాకోనిక్ దారి వేరు, సిస్-అకోనిటేట్‌ని ముందు ట్రాన్స్-అకోనిటేట్‌గా తిప్పి ఆపైన ఇటాకోనిక్ చేస్తుంది. ఇంజనీర్ కళ్లతో చూస్తే దీని గొప్పతనం రూపంలో ఉంది, ఫెర్మెంటర్‌లో ఈస్ట్ లాగా విడివిడి కణాలుగా పెరుగుతుంది. పోగులు లేవు, చిక్కదనం లేదు, పంపుల్లో ఇరుక్కోదు. జర్మనీలో ఆహెన్ విశ్వవిద్యాలయం చుట్టూ ఉన్న పరిశోధక బృందాలు దీని మీద ఏళ్ల తరబడి ఓపిగ్గా పనిచేశాయి. పోగులుగా మారే గుణాన్ని తీసేశారు, కార్బన్‌ని పక్కదారి పట్టించే గ్లైకోలిపిడ్ల జీన్లు తీసేశారు, ఇటాకోనిక్‌ని పాడుచేసే ఎంజైమ్‌ని తీసేశారు. చివరికి లీటరుకు 220 గ్రాములు చేరింది.

ఆ 220 చూసి గంతులేయకండి. అది కాల్షియం కార్బొనేట్ వేస్తూ, ఇటాకోనేట్‌ని ట్యాంకులోనే గట్టిపరుస్తూ సాధించిన అంకె. కాల్షియం వచ్చిందంటే జిప్సం వచ్చినట్టే. మేడిస్‌కి పీహెచ్ 6 దగ్గర హాయి. దాని బంధువు ఉస్టిలాగో సైనోడాంటిస్ ఇంకాస్త పులుపు తట్టుకుంటుంది, అంకెలు మాత్రం తగ్గుతాయి. పేపర్లో టైటర్ (లీటరుకు ఎన్ని గ్రాములన్న అంకె) పక్కన పీహెచ్ ఎంతో, ఏ క్షారం వాడారో చదవకపోతే ఈ రంగంలో ఏ పోలికా నిలబడదు.

అయినా కొత్తగా మొదలుపెట్టే చిన్న బృందానికి నేను ఉస్టిలాగోనే చెబుతాను. చిన్న గాలి ఆటంకానికి పడిపోయే టెర్రియస్‌తో, దాని పోగులతో కుస్తీ పట్టడం కన్నా విడివిడి కణాలతో నేర్చుకోవడం వేగం. నికార్సయిన గ్లూకోజ్, పెద్ద ట్యాంకులు, అనుభవమున్న ఆపరేటర్లు ముందే ఉన్న కంపెనీ అయితే టెర్రియస్‌ను వదలక్కర్లేదు.

మాలిక్: కోజీ బూజు, వేడి బూజు

పుల్లటి మిఠాయిలకి యాపిల్ రుచి తెచ్చేది మాలిక్ యాసిడ్. పెట్రోలియం నుంచి వచ్చేది డీ, ఎల్ అనే రెండు రూపాల (ఒకటి ఇంకోదానికి అద్దంలో బొమ్మలాంటిది) మిశ్రమం. బూజు చేసేది శుద్ధమైన ఎల్. ఈ తేడాకి డబ్బిచ్చే కొనుగోలుదారు దొరికితేనే ఈ దారిలోకి రండి.

జపాన్‌లో సాకే, సోయా సాస్‌లకి వాడే ఆస్పర్‌జిల్లస్ ఒరైజేలో నోవోజైమ్స్ శాస్త్రవేత్తలు మూడు జీన్ల మోతాదు పెంచారు. పైరువేట్‌కి కార్బన్ తగిలించే ఎంజైమ్, మాలేట్ డీహైడ్రోజినేజ్, మాలేట్‌ని బయటికి తోసే ట్రాన్స్‌పోర్టర్. 2013లో ప్రచురించిన ఫలితం లీటరుకు 154 గ్రాములు, 164 గంటల్లో. సైటోసాల్‌లోనే, మైటోకాండ్రియా ప్రమేయం లేకుండా జరిగే చిన్న దారి కాబట్టి ఇంత బాగా కుదిరింది. నైట్రోజన్ కొరత పెట్టి నడపాలి, కాల్షియం కార్బొనేట్ వేయాలి. వందల ఏళ్లుగా మనుషులు తింటున్న బూజు కావడం ఆహార అనుమతులకి ఉపయోగపడుతుంది.

రెండోది మైసిలియోఫ్తోరా థర్మోఫిలా. 45 డిగ్రీల వేడిలో సుఖంగా పెరిగే ఈ బూజు సెల్యులోజ్‌ను కరిగించే ఎంజైములన్నీ తనే చేసుకుంటుంది. చైనాలో తియాంజిన్ పారిశ్రామిక బయోటెక్నాలజీ సంస్థ వాళ్లు దీన్ని మాలిక్ కోసం మలిచారు. శుద్ధ సెల్యులోజ్ మీద లీటరుకు 180 గ్రాముల స్థాయి, మొక్కజొన్న బెండ్ల మీద 100 దాటిన ఫలితాలు 2020లో వచ్చాయి. మన వాతావరణానికి ఇందులో ఒక అదనపు లాభం కనిపిస్తుంది. నైగర్‌కి 30 డిగ్రీలు కావాలి. గాలి ఎక్కువగా తీసుకునే బూజు విపరీతంగా వేడి పుట్టిస్తుంది. మే నెలలో కూలింగ్ టవర్ నీళ్లే 30 దగ్గరుంటే ఆ ట్యాంకును చల్లబరచడానికి చిల్లర్ నడపాలి, ఆ కరెంటు బిల్లు యాసిడ్ ధరలోకి ఎక్కుతుంది. 45 డిగ్రీల జీవికి మామూలు కూలింగ్ టవర్ నీళ్లు చాలు. తెలంగాణ చేలల్లో ఏటా తగలబెట్టే పత్తి కట్టె గుర్తొస్తుంది కానీ, పత్తి కట్టెలో లిగ్నిన్ ఎక్కువ, బెండ్ల మీద వచ్చిన ఫలితం దాని మీద వస్తుందని ముందే అనుకోకూడదు. మన దగ్గర మొక్కజొన్న బెండ్లకే కొరత లేదు, అక్కడ మొదలుపెట్టడం నయం.

ఈస్ట్‌లు: లాక్టిక్, సక్సినిక్

ఈస్ట్ పుట్టుకతో యాసిడ్ జీవి కాదు, దానికి నేర్పాలి. బదులుగా పులుపు తట్టుకుంటుంది, కణాలు విడివిడిగా ఉంటాయి, ఇథనాల్ పరిశ్రమ పుణ్యమాని పెద్ద ట్యాంకుల్లో దీని నడవడిక అందరికీ తెలుసు.

లాక్టిక్ యాసిడ్‌కి ఇప్పటికీ బ్యాక్టీరియాదే రాజ్యం. అయితే లాక్టిక్ నుంచి పీఎల్ఏ అనే ప్లాస్టిక్ చేసే నేచర్‌వర్క్స్‌కి అమెరికాలోని బ్లెయిర్ ప్లాంటులో మాతృసంస్థ కార్గిల్ తక్కువ పీహెచ్‌లో పనిచేసే ఈస్ట్‌ను తయారుచేసి ఇచ్చింది. వాళ్లకి లాభం ఎక్కడో పైన జిప్సం లెక్కలోనే ఉంది. ఏటా లక్ష టన్నుల స్థాయిలో ఆలోచించేవాళ్లకి అది ప్రాణం లాంటి విషయం. నెలకి కొన్ని టన్నులు చేసే యూనిట్‌కి బ్యాక్టీరియా, సున్నం దారే చవక, అక్కడ ఫంగస్ పట్టుదల అనవసరం.

సక్సినిక్ కథ చదివితే ఎవరికైనా కళ్లు తెరుచుకుంటాయి. డీఎస్ఎం, రోకెట్ కంపెనీల ఉమ్మడి సంస్థ రివర్డియా 2012 చివర్లో ఇటలీలోని కసానో స్పినోలాలో ఏటా 10,000 టన్నుల ప్లాంట్ తెరిచింది, జీవి మామూలు సాకరోమైసిస్ ఈస్ట్, తక్కువ పీహెచ్. బయోఆంబర్ 2015లో కెనడాలోని సార్నియాలో 30,000 టన్నుల ప్లాంట్ పెట్టింది, అది మొదట వాడిన ఇ.కోలిని వదిలి కార్గిల్ నుంచి లైసెన్స్ తీసుకున్న వేరే ఈస్ట్‌కి మారింది. 2018లో బయోఆంబర్ దివాలా తీసింది, మరుసటి ఏడాది రివర్డియా భాగస్వాములు విడిపోయారు. ఈస్ట్ విఫలమై ఇలా అయిందనలేం. చమురు ధర పడిపోయింది, పెట్రోలియం సక్సినిక్ చవకైంది, కొత్త వాడకాలు అనుకున్నంత వేగంగా పుట్టలేదు. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా!

సాంకేతికంగా ఇవాళ ఇద్దరు మంచి పోటీదారులున్నారు. యారోవియా లిపోలిటికా గ్లిసరాల్ మీద బ్రహ్మాండంగా పెరుగుతుంది. గ్లూకోజ్ మీద, పీహెచ్ సవరించకుండా, లీటరుకు 110 గ్రాముల పైన సక్సినిక్ ఇచ్చిన స్ట్రెయిన్ గురించి 2023లో వచ్చింది. పంచదారని మాత్రం అది సొంతంగా తినలేదు, ఇన్వర్టేజ్ జీన్ పెట్టాలి. రెండోది పిచియా కుడ్రియావ్‌జెవీ. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్లు దీనితో పీహెచ్ 3 దగ్గర, చెరకు రసం మీద, లీటరుకు 100 గ్రాములు దాటించారు. మన చెరకు ప్రాంతాల వాళ్లు చదవాల్సిన పని అది. ఒక చిక్కు ఉంది, ఈ పిచియా, ఆసుపత్రుల్లో ఇన్ఫెక్షన్లు తెచ్చే కాండిడా క్రుసై ఒకే జాతి. ఫ్లుకొనజోల్ అనే ఫంగస్ మందు దీనికి పనిచేయదు. మూసిన ప్లాంటులో వాడటానికి అడ్డు కాదు గానీ, ఆహార వాడకానికి అమ్మేటప్పుడు కొనేవాడు తప్పకుండా అడుగుతాడు.

రైజోపస్ గురించి రెండు మాటలు

రైజోపస్ ఒరైజే పిండి పదార్థం నుంచి నేరుగా శుద్ధమైన ఎల్-లాక్టిక్ యాసిడ్, కొన్ని స్ట్రెయిన్లలో ఫ్యుమారిక్ యాసిడ్ చేస్తుంది. నూకల మీద, కర్రపెండలం పిండి మీద కూడా పెరుగుతుంది కాబట్టి పెద్దాపురం, సామర్లకోట సగ్గుబియ్యం మిల్లుల వ్యర్థాలతో విద్యార్థి ప్రాజెక్టులకి బాగుంటుంది. 1940ల్లో ఫ్యుమారిక్ ఇలాగే పారిశ్రామికంగా చేసేవాళ్లు, తర్వాత పెట్రోలియం దాన్ని తరిమేసింది. జీన్లు మార్చడానికి మాత్రం ఇది మొండిఘటం. ఒక్కో పోగులో బోలెడు కేంద్రకాలు, పంపిన డీఎన్‌ఏ క్రోమోజోమ్‌లో కూర్చోకుండా విడిగా తిరుగుతుంది. 2021లో మన ఆసుపత్రులని వణికించిన మ్యూకర్‌మైకోసిస్‌కి ప్రధాన కారణం కూడా ఇదే. ఆ రోజుల్లో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. జనం దాన్ని బ్లాక్ ఫంగస్ అన్నారు గానీ, సిట్రిక్ చేసే నల్ల బూజు అది కాదు. షుగర్ అదుపులో లేనివాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గిన వాళ్లు ఉన్న ల్యాబులో రైజోపస్ బీజాలు గాల్లో ఎగరనివ్వడం మంచిది కాదు. ఇదే హెచ్చరిక టెర్రియస్‌కీ వర్తిస్తుంది, దానికి యాంఫోటెరిసిన్ బి అనే ఫంగస్ మందు సరిగా పనిచేయదు.

తిండి, పర్మిషన్

మీ చేతిలో ఉన్న ముడిసరుకు సగం నిర్ణయం చేసేస్తుంది. నూకలు, కర్రపెండలం అయితే నైగర్, ఒరైజే, రైజోపస్. ఈస్ట్‌లకి పిండిని ముందే గ్లూకోజ్ చేసి పెట్టాలి. బయోడీజిల్ గ్లిసరాల్ అయితే యారోవియా. మొక్కజొన్న బెండ్లయితే మైసిలియోఫ్తోరా. మొలాసిస్ అయితే ఆలోచించుకోవాలి. లోహాలు శుద్ధి చేసే ఖర్చు ఒకవైపు, ఇథనాల్ డిస్టిలరీలతో ధరలో పోటీ ఇంకోవైపు. మొలాసిస్ చవక అనే మాట పాత పుస్తకాల్లోది.

స్ట్రెయిన్లు చండీగఢ్‌లోని ఎంటీసీసీ, పుణెలోని ఎన్‌సీఐఎం అనే సూక్ష్మజీవుల కలెక్షన్లలో దొరుకుతాయి. జీన్లు మార్చడం మొదలుపెట్టాక జన్యుమార్పిడి జీవులపై కేంద్రం చేసిన 1989 నియమాలు వర్తిస్తాయి. మీ సంస్థలో బయోసేఫ్టీ కమిటీ ఉండాలి, దాని పైన కేంద్రంలో ఆర్‌సీజీఎం (జన్యుమార్పుల సమీక్షా కమిటీ) ఉంటుంది. పరదేశపు పేపర్లోని స్ట్రెయిన్ కావాలంటే దిగుమతి అనుమతి, పేటెంట్ రెండూ చూసుకోండి. జీన్ ముట్టుకోకుండా యూవీ మ్యుటేషన్‌తో స్ట్రెయిన్ మెరుగుపరిచే పాత దారిని చులకన చేయకండి. కాగితాల పని తగ్గుతుంది, 'జీఎం కాదు' అని రాసి అమ్ముకోవచ్చు. సిట్రిక్ పరిశ్రమ పెరిగింది ఎక్కువగా ఆ దారిలోనే.

నన్ను అడిగితే

ఏడాదిలో ప్రాజెక్టు ముగించాల్సిన విద్యార్థి అయితే ఒరైజేలో మాలిక్ తీసుకోండి. దారి చిన్నది, ప్రమాదం తక్కువ, షేక్ ఫ్లాస్కులో కూడా ఫలితం కనిపిస్తుంది. జీన్ పని వద్దనుకుంటే నైగర్‌తో గ్లూకోనేట్.

జీనోమ్ వ్యాలీలో ఇంక్యుబేటర్ జాగా తీసుకుని, ఖరీదైన యాసిడ్ ఒకటి పట్టుకుందామనుకునే చిన్న కంపెనీకి ఉస్టిలాగో, ఇటాకోనిక్. కానీ మొదటి ఆరు నెలల్లో జీన్ ఎడిటింగ్ మానేసి, ఉన్న స్ట్రెయిన్‌తోనే పది లీటర్ల ద్రవం తీసి, అందులోంచి కొనుగోలుదారు ఒప్పుకునే తెల్లదనంతో కిలో స్ఫటికాలు తీయగలరేమో చూడండి. రంగు పోవడానికి ఎంత యాక్టివేటెడ్ కార్బన్ పట్టింది, మదర్ లిక్కర్‌లో (స్ఫటికాలు తీశాక మిగిలే ద్రవంలో) ఎంత యాసిడ్ మిగిలిపోయింది అన్న రెండు అంకెలు చేతికొచ్చాకే ఏ జీన్ తీసేయాలో తెలుస్తుంది. పక్క యాసిడ్లు స్ఫటికాలకి అడ్డొస్తున్నాయా, లేక టైటర్ చాలడం లేదా, రెండిటికీ మందు వేరు.

చెరకు మిల్లు నడుపుతున్న వాళ్లు సక్సినిక్ వైపు చూస్తుంటే పిచియా పని చదవండి, కానీ ముందు క్రషింగ్ సీజన్ లెక్క వేసుకోండి. రసం దొరికేది ఏడాదిలో కొన్ని నెలలే. మిగతా నెలలకి సిరప్‌గా కాచి నిల్వపెట్టాలి, దానికి స్టీమ్ కావాలి, సీజన్ అయిపోయాక బాయిలర్‌కి బగాస్ (చెరకు పిప్పి) ఎంత మిగులుతుందో మీకే బాగా తెలుసు. ఆ బగాస్ చాలకపోతే ఏ ఈస్ట్ తెచ్చినా బొగ్గు కొనాల్సిందే, అప్పుడు ఆ బొగ్గు ధరతో కలిపి సక్సినిక్ కిలో ఎంత పడుతుందో చూసి, పెట్రోలియం నుంచి వచ్చే సక్సినిక్ ధర పక్కన పెట్టి చూసుకోండి.